నిద్ర పడుతోందా అని అడిగేవాళ్ళేరీ?

విశాఖ దగ్గరి తగరపువలస మెయిన్ రోడ్డులో దుకాణాల షట్టర్లు పూర్తిగా లేవకముందే వసూళ్ళు మొదలవుతాయి. డైలీ ఫైనాన్స్ కుర్రాళ్ళు బండి ఇంజను ఆపకుండానే చెయ్యి చాపుతారు. టిఫిన్ బండి, పూల బుట్ట, పళ్ళ తోపుడుబండి, చేపల గంప. ఎవరు ఎంత ఇవ్వాలో వాళ్ళ చిన్న పుస్తకంలో రాసే ఉంటుంది. బోణీ కాకముందే వాయిదా. పదివేల అప్పు అంటారు, చేతికి ఎనిమిదిన్నర వేలే ఇస్తారు, మిగతాది ముందే కోసుకుంటారు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. ఏడాదికి లెక్కేస్తే నూటికి నూరు దాటే వడ్డీ అది. అది చాలక మీద "పది రూపాయల వడ్డీ" అప్పులు వేరే ఉంటాయి. ఇరవై వేలు తెస్తే నెల తిరిగేసరికి వడ్డీయే రెండు వేలు, అసలు అసలుగానే ఉంటుంది.

ఈ లెక్కలు అందరికీ తెలుసు. పోలీసులకి తెలుసు, బ్యాంకు మేనేజరుకి తెలుసు, వార్డు సచివాలయంలో కూర్చున్నవాళ్ళకి తెలుసు. ఆ కుర్రాడు వెళ్ళిపోయాక బండి వెనక నిలబడ్డ మనిషి తలలో ఏం జరుగుతోందో మాత్రం ఎవరికీ పట్టదు. రాత్రి పదకొండింటికి పడుకుని రెండింటికి లేచి కూర్చుంటుంది. రేపు ఎవరికెంత, ఎల్లుండి ఎవరికెంత అని చీకట్లో కూడికలు వేస్తుంది. పొద్దున్న పిల్లాడు ఏదో అడిగితే కసురుతుంది, వాడు బడికెళ్ళాక కసిరినందుకు ఏడుస్తుంది. ఫోను మోగితే గుండె జారిపోతుంది. నెలలు గడిచాక ఆకలి చస్తుంది. ఆ తర్వాత "నేనుండి ఎవరికి లాభం" అన్న మాట లోపల మొదలవుతుంది. ఆ మాట మొదలైన రోజు నుంచీ ఆ మనిషి ప్రమాదంలో ఉన్నట్టే. అలాంటివాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. మనం వాళ్ళ దగ్గర ఇడ్లీ తిని, చేతులు కడుక్కుని, డబ్బులిచ్చి వచ్చేస్తున్నాం.

ఈ మధ్య ఒక సందులో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను.

"అప్పా, ఓ ఐదొందలుంటే సర్దు. పదింటికి సారొచ్చీస్తాడు. సాయంత్రం ఇచ్చీస్తాను."

"నా దగ్గరేటుందే? నాకూ ఈరోజే వాయిదా."

"రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదప్పా."

"ఎవులికి పడతాదే?"

ఆ జవాబులో కఠినత్వం ఏమీ లేదు. నిజం చెప్పింది, అంతే. సందు సందంతా నిద్రపోవడం మానేసినప్పుడు, ఒకరి నిద్రలేమిని ఇంకొకరు ఓదార్చే ఓపిక ఎక్కడిది? అది వాళ్ళ తప్పు కాదు. ఓదార్చాల్సినవాళ్ళు, ఆదుకోవాల్సినవాళ్ళు, అందుకు జీతాలు తీసుకుంటున్నవాళ్ళు వేరే ఉన్నారు. నా కోపం వాళ్ళ మీద.

ఈ ఊరికి ఈ గతి ఒక్కరోజులో పట్టలేదు. గోస్తనీ నది దగ్గర చిట్టివలస జ్యూట్ మిల్లు ఉండేది. బ్రిటిష్‌వాళ్ళ కాలం నాటిది. నార లోపలికి వెళ్ళి గోనె సంచి అయి బయటికొచ్చే ఆ మిల్లు మీదే చిట్టివలస, తగరపువలస, చుట్టుపక్కల పల్లెలు బతికాయి. మిల్లులో పని అంటే పిల్లనిచ్చేవారు, కిరాణా కొట్టు అరువిచ్చేది, బడి ఫీజుకి వెనకాడాల్సి వచ్చేది కాదు. 2009లో యాజమాన్యం లాకౌటు ప్రకటించింది. వేలమంది గేటు బయట మిగిలిపోయారు. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అని ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. రావాల్సిన బకాయిల కోసం ధర్నాలు చేశారు, కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు విశాఖ వెళ్ళి అపార్టుమెంట్ల ముందు వాచ్‌మన్లయ్యారు. కొందరు ఇంట్లోనే, మంచం మీదే, మాట తగ్గించుకుని ముసలివాళ్ళయ్యారు. మగవాడి జీతం ఆగిపోయిన ఇళ్ళలో ఆడవాళ్ళు గ్రూపు లోన్లకి సంతకాలు పెట్టారు. మిల్లు దించిన బరువు అలా ఆడవాళ్ళ నెత్తికెక్కింది.

లాకౌటు నోటీసు గేటుకి అంటించారు. లేబర్ కమిషనరుకి కాగితం వెళ్ళింది, యూనియన్లకి కాగితం వెళ్ళింది. "ఇన్ని వేల కుటుంబాలకి ఒక్కసారిగా జీతం ఆగిపోతోంది, వీళ్ళని కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని ఆసుపత్రికి కాగితం పంపాలన్న ఆలోచన ఏ అధికారికీ రాలేదు. తుపాను వస్తే పునరావాస కేంద్రం తెరుస్తారు, పులిహోర పొట్లాలు పంచుతారు. మిల్లు మూతపడటాన్ని విపత్తుగా ఎవరూ రాసుకోలేదు.

అప్పుల మనిషి మొదట వెళ్ళేది మానసిక వైద్యుడి దగ్గరికి కాదు. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తాడు. గుండె దడ అంటాడు, తల భారం అంటాడు, తిన్నది అరగట్లేదు, నరాలు లాగేస్తున్నాయి అంటాడు. గ్యాస్ మాత్ర ఇస్తారు, బీ-కాంప్లెక్స్ సూది వేస్తారు, ఇంకా డబ్బున్నట్టు కనబడితే ఈసీజీ తీయిస్తారు. ఆ పరీక్షకి మళ్ళీ అప్పు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇంటింటికీ తిరిగి బీపీ చూస్తారు, షుగరు చూస్తారు. కష్టపడే మనుషులు వాళ్ళు, వాళ్ళని ఏమీ అనను. వాళ్ళ చేతికిచ్చిన కాగితంలో "రాత్రి నిద్ర పడుతోందా? బతకాలనిపిస్తోందా? అప్పుల ఒత్తిడి ఉందా?" అన్న మూడు ప్రశ్నలకి ముందు వరసలో చోటివ్వనివాళ్ళని అంటాను. బెంగళూరు నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, మన దేశంలో మానసిక సమస్యలున్నవాళ్ళలో చికిత్స అందనివాళ్ళు జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని తేల్చింది. అది వచ్చి దాదాపు పదేళ్ళు. తగరపువలస నుంచి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్ళాలంటే సుమారు ముప్పై కిలోమీటర్లు, ఒక రోజు కూలి పోతుంది, ఆ రోజు వాయిదా తప్పుతుంది. పైగా జనం నోట దానికి పిచ్చాసుపత్రి అనే పేరు. ఆ గేటు దగ్గర తెలిసినవాళ్ళు చూస్తే కూతురి సంబంధం చెడుతుందని భయం. ఇన్ని అడ్డంకులు పెట్టి, "జనానికి అవగాహన లేదు" అని సదస్సుల్లో మాట్లాడుతున్నారు.

అవగాహన లేనిది ఎవరికి? "అప్పు చేసినప్పుడు తెలియలేదా? తెలివి ఉండక్కర్లేదా?" అని అడిగే పెద్దమనుషులకి ఒక విషయం చెప్పాలి. తమిళనాడు చెరకు రైతుల మీద ఆనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ ఝావో చేసిన అధ్యయనం 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. చెరకు డబ్బు ఏడాదికొకసారి చేతికొస్తుంది. పంట డబ్బు రాకముందు అప్పుల్లో ఉన్నప్పుడు ఒకసారి, వచ్చాక చేతిలో డబ్బున్నప్పుడు ఒకసారి అవే పరీక్షలు పెట్టారు. అదే రైతు, అదే తలకాయ. డబ్బు లేని రోజుల్లో పరీక్షల్లో ఎక్కువ తప్పులు చేశాడు, ఆలోచన మందగించింది. డబ్బు వచ్చాక మెరుగయ్యాడు. అంటే తెలివి తక్కువై పేదవాడు అవడం లేదు, పేదరికపు ఆలోచన తెలివిని తినేస్తోంది. రేపటి వాయిదా తలలో సగం చోటు ఆక్రమించుకుంటే, మిగిలిన సగంతో మనిషి ఏ కాగితం చదవగలడు, ఏ వడ్డీ పోల్చుకోగలడు? ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చెయ్యడం మూర్ఖత్వమని మనం తీరిగ్గా కూర్చుని అంటాం. రేపు పదింటికి గుమ్మం ముందు అరుపులు వినపడకూడదన్నది ఒక్కటే ఆ మనిషి తలలో ఉంటుంది.

రైతుల సంగతి ఎత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తానికి ఆ లెక్క 50.2 శాతం. కుటుంబానికి సగటు అప్పు మన రాష్ట్రంలో 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా అదే ఎక్కువ. పద్మనాభం, ఆనందపురం పల్లెల నుంచి తగరపువలసకి కూరగాయలు తెచ్చి అమ్మే మనుషులూ ఈ రాష్ట్రంలోని రైతులే. ఇంత లెక్క తేలాక ఏ ప్రభుత్వమైనా ఉలిక్కిపడి లేవాలి. ఎవరు లేచారు?

చావుల లెక్క దగ్గరికి వస్తే నా కడుపు మండిపోతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలు నమోదయ్యాయని చెప్పింది. అందులో నాలుగో వంతు పైన, 26.4 శాతం, రోజుకూలీలు. కారణాల పట్టిక చూడండి. "దివాలా లేదా అప్పులు" 4.1 శాతం. "కుటుంబ సమస్యలు" 31.7 శాతం. స్టేషన్లో కాగితం రాసేవాడు ఆ ఇంటికి వెళ్తాడు. ముందు రాత్రి మొగుడూ పెళ్ళాం గొడవపడ్డారా అని అడుగుతాడు. పడ్డారు అంటారు. కుటుంబ కలహం అని రాసేస్తాడు. గొడవ దేని గురించి? గొలుసు తాకట్టు పెట్టావని, పెట్టిన డబ్బు ఏమైందని, ఫీజు కట్టలేదని, మీ అన్న దగ్గర అడగవేమని. ఆ ప్రశ్న కాగితంలో లేదు. తాగుడు అని రాస్తే తాగుడు కింద పోతుంది, జబ్బు అని రాస్తే జబ్బు కింద పోతుంది, వైద్యానికి చేసిన అప్పు లెక్కలోకి రాదు. అలా అప్పు చంపిన మనిషి అప్పుల గడిలో కనబడడు. గడిలో కనబడకపోతే బడ్జెట్‌లో కనబడడు.

ఒకప్పుడు, తెలంగాణ విడిపోకముందు, ఈ రాష్ట్రమే ముందుగా మేల్కొంది. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ళకి తాళలేక పల్లెల్లో ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకుంటుంటే అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత దాన్ని చట్టం చేసింది. వారం వారం వసూలు కుదరదు, నెలకొకసారే. ఇంటి మీద పడటం కుదరదు, అందరికీ కనబడే చోటే. వడ్డీ అసలుని మించకూడదు. ఆ చట్టం మీద కంపెనీలు ఎంత గగ్గోలు పెట్టాయో ఆనాటి పత్రికలు చూసినవాళ్ళకి గుర్తుంటుంది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకి ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది. తీర్పుని నేను తప్పుపట్టడం లేదు, న్యాయసూత్రాలు వాళ్ళకి తెలుసు. ఆ గొడుగు పక్కకి జరిగాక ఆడవాళ్ళ నెత్తిన వేరే గొడుగు ఎందుకు పట్టలేదని అడుగుతున్నాను. పక్కనున్న కర్ణాటక 2025లో బలవంతపు వసూళ్ళ మీద ఆర్డినెన్స్ తెచ్చుకుంది. పదిహేనేళ్ళ ముందు దారి చూపిన మనం ఇప్పుడు ఎక్కడున్నాం?

రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లో మైక్రోఫైనాన్స్ వాళ్ళు ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చెయ్యకూడదని ఉంది. బంధువుల్ని, స్నేహితుల్ని వేధించకూడదని ఉంది. ఒక కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదని కూడా ఉంది. బంగారం లాంటి రూలు. ఆ రూలు తెలుగులో పెద్ద అక్షరాలతో ఏ గ్రూపు మీటింగు గోడ మీదైనా చూశారా? నేను చూడలేదు. ఇక ఏ రిజిస్ట్రేషనూ లేని డైలీ ఫైనాన్సు దగ్గరికి ఏ నిబంధనా రాదు, వాడి బండికి వేళాపాళా లేదు. మన మహిళా సంఘాల రికవరీ దేశానికే ఆదర్శమని వేదికలెక్కి చెప్పుకుంటాం. సంఘం వాయిదా తప్పకూడదని ఆ అక్క రాత్రికి రాత్రి పది రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిందా, ముక్కుపుడక తాకట్టు పెట్టి కట్టిందా అని ఒక్క అధికారైనా అడిగాడా? కట్టారా లేదా అన్నదే లెక్క. ఎలా కట్టారన్నది ఎవరికీ అక్కర్లేదు.

లోన్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను, చెప్పేకొద్దీ రక్తం ఉడుకుతుంది. 2020 చివర్లో హైదరాబాద్‌లో, చుట్టుపక్కల జిల్లాల్లో యువకులు వరసగా ప్రాణాలు తీసుకున్నాక గానీ దేశం ఆ పేరు వినలేదు. రిజర్వు బ్యాంకు కమిటీ వేసింది, 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు వచ్చాయి. ఆ తర్వాత రెండేళ్ళకి, 2024 డిసెంబరులో, మన విశాఖలోనే, కొత్తగా పెళ్ళయిన ఒక కుర్రాడి భార్య ఫోటోని మార్ఫింగ్ చేసి అతనికి తెలిసినవాళ్ళందరికీ పంపారు. బాకీ రెండు వేలన్నాయి పత్రికలు. ఆ కుర్రాడు ఇప్పుడు లేడు. రెండు వేలు! బీచ్ రోడ్డులో ఒక కుటుంబం రాత్రి భోజనానికి ఖర్చుపెట్టే డబ్బు. మార్గదర్శకాలు వచ్చాక జరిగిన చావు అది. మార్గదర్శకం రాసి చేతులు దులుపుకున్నవాళ్ళకి ఆ ఇల్లు ఎక్కడుందో తెలుసా?

స్టేషన్‌కి వెళ్తే "ఇది సివిల్ మేటరు, మీలో మీరు మాట్లాడుకోండి" అంటారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే రసీదు చేతికొస్తుంది. అర్జీ తిరిగి తిరిగి చివరికి ఏ స్టేషన్ మీద ఫిర్యాదో అదే స్టేషన్‌కి చేరుతుంది. విసిగిపోయిన మనిషి అధికారి మీద ఒత్తిడి తేవడానికి ఆయన ఎదుటే ప్రాణం తీసుకోబోతే, భారతీయ న్యాయ సంహిత 226వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు వెయ్యొచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ఏమంటుందంటే, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, అతనికి వైద్యం, సంరక్షణ, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. రెండూ చట్టాలే. గేటు దగ్గరున్న కానిస్టేబుల్‌కి ఏది గుర్తొస్తుందో మీరే చెప్పండి.

పెద్దవాళ్ళ అప్పుల సంగతి వేరు. కంపెనీ మునిగిపోతే దాన్ని ఒడ్డుకి చేర్చడానికి 2016లో దివాలా చట్టం వచ్చింది. అప్పులవాళ్ళు మీద పడకుండా కంపెనీకి మారటోరియం, బాకీలో సగానికి పైగా వదులుకునే బ్యాంకులు, ట్రిబ్యునల్, లాయర్లు. 2014-15 నుంచి తొమ్మిదేళ్ళలో బ్యాంకులు 14.56 లక్షల కోట్ల మొండి బాకీలు ఖాతాల్లోంచి తీసేశాయని కేంద్రమే పార్లమెంటుకి చెప్పింది. తీసెయ్యడమంటే మాఫీ కాదు, వసూలు ప్రయత్నం సాగుతుందని కూడా చెప్పింది, సరే. ఆ వసూలుకి ఎవరి ఇంటి ముందు ఎవరు నిలబడి అరిచారు?

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. అదే 2016 చట్టంలో బీదవాడి కోసం ఒక అధ్యాయం ఉంది. ఏడాది ఆదాయం 60 వేలు దాటని, 20 వేలకి మించి ఆస్తి లేని, సొంత ఇల్లు లేని, 35 వేల లోపు అప్పున్న మనిషి దరఖాస్తు పెట్టుకుంటే, అది అంగీకరించాక 180 రోజులు అప్పులవాళ్ళు అతని జోలికి రాకూడదు. విచారించి, నిజమని తేలితే ఆ అప్పు రద్దుచేసి కొత్తగా బతకనివ్వాలి. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం అయింది. కంపెనీల భాగం ఆ డిసెంబరులోనే అమల్లోకి వచ్చింది. కంపెనీలకి హామీ ఉన్న ప్రమోటర్ల భాగం 2019 డిసెంబరులో వచ్చింది. ఇడ్లీ బండి నడిపే మనిషి కోసం రాసిన భాగం పుస్తకంలోనే ఏళ్ళకేళ్ళు పడి ఉంది. ఒక నోటిఫికేషన్ చాలు. ఒక్క కాగితం మీద ఒక్క సంతకం. దాని కోసం ఏ ఎంపీ లేచి నిలబడ్డాడు, ఏ పార్టీ బంద్ పిలుపిచ్చింది, ఏ చానెల్ రాత్రి తొమ్మిదింటికి చర్చ పెట్టింది? డబ్బున్నవాడు ఆ చట్టం రాకముందూ ఐపీ (దివాలా పిటిషన్) పెట్టి బయటపడ్డాడు, ఇప్పుడూ పడుతున్నాడు. లేనివాడికి ఐపీ పెట్టాలన్నా లాయరుకి అప్పు చెయ్యాలి.

వాయిదా ఆపడం అసాధ్యమని ఎవరూ చెప్పకండి. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు ఒక్క ప్రకటనతో దేశం మొత్తం వాయిదాల మీద మారటోరియానికి దారి తెరిచింది, ఆగస్టు 31 దాకా పొడిగించింది. ఆకాశం విరిగి పడలేదు. ఇంగ్లండులో, వేల్స్‌లో 2021 మే 4 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. అప్పుల్లో కూరుకుపోయిన మనిషి సలహాదారు ద్వారా అడిగితే 60 రోజులు వసూళ్ళు ఆపాలి, చాలా అప్పుల మీద వడ్డీ కూడా ఆపాలి. ఆ మనిషి మానసిక సంక్షోభంలో చికిత్స తీసుకుంటుంటే చికిత్స సాగినంత కాలం, అది ముగిశాక ఇంకో 30 రోజులు ఎవరూ అతన్ని బాకీ అడగకూడదు. అప్పునీ మనసునీ కలిపి చూసిన చట్టం అది. మనమేం చేస్తున్నాం? వాయిదా కోసం గుమ్మం ముందు మనిషిని నిలబెట్టి, లోపలున్న మనిషికి ప్రాణాయామం చెయ్యమని సలహా చెబుతున్నాం. ధైర్యంగా ఉండు, అన్నీ అవే సర్దుకుంటాయి అంటున్నాం. సర్దుకోవు. ఎవరైనా సర్దితేనే సర్దుకుంటాయి.

విశాఖ నగరంలోనూ ఇదే కథ. 2021 జనవరి 27న స్టీలు ప్లాంటుని అమ్మేస్తామని కేంద్రం తేల్చిన నాటి నుంచి అక్కడి ఇళ్ళలో నిద్ర లేదు. తర్వాత జీతాలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. 2025 జనవరిలో ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అదే ఏడాది వేలమంది కాంట్రాక్టు కార్మికుల్ని తీసేశారు. ఫర్నేసుని బతికించడానికి ప్యాకేజీ ఉంది, దాని ముందు ఏళ్ళ తరబడి వేడికి నిలబడ్డవాడికి లేదు. చిట్టివలసకి పదిహేనేళ్ళ కింద జరిగిందే ఇప్పుడు ప్లాంటు పక్కనున్న గాజువాకకి జరుగుతుంటే, ఆ ఇళ్ళ తలుపు తట్టి ఎలా ఉన్నారని అడిగే ఏర్పాటు ఇప్పటికీ లేదు.

ఇక మన సంగతి. పొరుగువాళ్ళం, చుట్టాలం, ఒకే గుడికీ ఒకే చర్చికీ వెళ్ళేవాళ్ళం. వసూలు వాడు గుమ్మం ముందు అరుస్తుంటే కిటికీ తలుపు వేసుకున్నది మనమే. "వాళ్ళు పీకల్లోతు అప్పుల్లో ఉన్నారట" అని పెళ్ళిపందిట్లో చెవులు కొరుక్కున్నది మనమే. అప్పు అడుగుతాడేమో అని ఎదురొచ్చినప్పుడు దారి మళ్ళింది మనమే. ఆ మనిషికి అప్పు ఇవ్వలేకపోవచ్చు, మన దగ్గరా ఉండకపోవచ్చు. పది నిమిషాలు కూర్చోవడానికి డబ్బు అక్కర్లేదు. గొంతు చించుకునే వసూలు వాడి ముందు ఇద్దరు ముగ్గురు వెళ్ళి ఊరికే నిలబడితే వాడి గొంతు దానంతటదే తగ్గుతుంది. అదీ చెయ్యలేదు. పోయాక మాత్రం అందరం వెళ్ళాం, పాడె మోశాం, "ఒక్క మాట చెప్పి ఉండాల్సింది" అన్నాం. ఎవరికి చెప్పి ఉండాల్సింది? చెప్పాడు. నిద్ర పట్టట్లేదని చెప్పాడు, గుండె దడ అని చెప్పాడు, ఐదొందలు సర్దమని చెప్పాడు. అంతకంటే ఎలా చెప్పాలి?

కాబట్టి అడుగుతున్నాను. బతిమాలడం లేదు, అడుగుతున్నాను. ఢిల్లీలో ఉన్నవాళ్ళు 2016 చట్టంలోని ఆ అధ్యాయాన్ని అమల్లోకి తేవాలి. 60 వేలు, 35 వేలు అన్న హద్దుల్ని నేటి ధరలకి తగ్గట్టు పెంచాలి. అమరావతిలో ఉన్నవాళ్ళు మానసిక చికిత్సలో ఉన్న మనిషి దగ్గర వసూలు ఆపే చట్టం తేవాలి. లైసెన్సు లేని డైలీ ఫైనాన్సు మీద కేసులు పెట్టాలి. తగరపువలసలో వారానికి ఒక్కరోజైనా మానసిక వైద్యుడు కూర్చోవాలి. ఆయన పక్కనే అప్పుల కాగితాలు చూసి, ఏ వాయిదా ఆపొచ్చు, ఏ వడ్డీ చెల్లదు అని చెప్పే మనిషి కూడా కూర్చోవాలి. మాత్ర ఒక చేత్తో, ఆ కాగితం ఇంకో చేత్తో అందకపోతే ఈ జబ్బు తగ్గదు. ఆశా కార్యకర్త కాగితంలో ఆ మూడు ప్రశ్నలూ రాయండి. బీపీ కంటే ముందు రాయండి.

ఇది చదువుతున్నవాళ్ళలో ఈ రాత్రి కూడా కూడికలు వేస్తూ కూర్చునేవాళ్ళు ఉంటారు. అమ్మా, నాయనా, మీ అప్పు మీ నేరం కాదు. "నేను లేకపోతే బాగుండు" అన్న ఆలోచన వచ్చిందంటే అది మీ విలువ గురించి చెప్పే తీర్పు కాదు, నెలల తరబడి నిద్రలేని తల చెప్పే మాట. దానికి వైద్యం ఉంది. 14416కి ఫోను చెయ్యండి. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్, డబ్బులు పడవు, ఏ వేళలో చేసినా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు. ఫోను చెయ్యబుద్ధి కాకపోతే పక్కింటి తలుపైనా తట్టండి. ఆ పక్కింట్లో ఉన్నవాళ్ళు మనమైతే, తలుపు తీసి లోపలికి రమ్మందాం, అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా అని అడుగుదాం. రేపు పొద్దున్న వసూలు వాడు వచ్చే వేళకి వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడదాం.